మంచు సరస్సు మీద మునిమాపు ఫొటో: "ఇంతకీ ఇది ఏ వేళ తీశావమ్మా?" అన్నారు నాన్న

నర్సీపట్నం_అమ్మాయి:

అందరికీ నమస్కారం. అమెరికాలో, మిన్నెసోటా రాష్ట్రంలోని మిన్నియాపోలిస్‌లో నాకిది మూడో చలికాలం. మా ఇంటికి దగ్గర్లోనే లేక్ హ్యారియెట్ అనే సరస్సు ఉంది. ఇక్కడ డిసెంబర్లో నాలుగున్నరకే పొద్దు గూకుతుంది. ఆఫీసులో కాస్త ముందుగా లేవగలిగిన రోజు ట్రైపాడ్ భుజాన వేసుకుని సరస్సు దగ్గరికి వెళ్లిపోతాను. కెమెరా నికాన్ డి7500, దాంతో వచ్చిన 18-140 లెన్స్.

పోయిన నెలలో ఒక ఫొటో తీశాను. గడ్డకట్టిన సరస్సు, ఆవలి గట్టు మీద చెట్లు, వాటి మధ్య ఇళ్ల దీపాలు. ముందు భాగంలో మంచు మీద ఎవరో స్కీ చేసుకుంటూ వెళ్లిన రెండు గీతలు. కెమెరాలోంచి వచ్చింది వచ్చినట్టు చూస్తే మంచంతా బూడిద రంగులో, మురికిగా ఉంది. ఫొటోలు ఎడిట్ చేసే లైట్‌రూమ్ యాప్‌లో ఎక్స్‌పోజర్ (మొత్తం వెలుగు) ఒకటిన్నర పెంచాను, వైట్స్ పెంచాను, రంగుల టెంపరేచర్ నారింజ వైపు జరిపాను, మసక తీసేసే డీహేజ్ 30 పెట్టాను. ఆఫీసులో అందరూ బాగుందన్నారు. 12×18 ప్రింటు వేయించి నర్సీపట్నం పంపాను.

మా నాన్న అక్కడ 26 ఏళ్లు ఫొటో స్టూడియో నడిపారు. ఫిల్ము కడగడం, ప్రింటు వేయడం అన్నీ ఆయన చేతి మీదుగానే. ప్రింటు చూసి ఫోన్ చేశారు. "మంచు చూస్తే మధ్యాహ్నంలా ఉంది. ఆకాశం సాయంత్రంలా ఉంది. దీపాలేమో రాత్రిలా ఉన్నాయి. ఇంతకీ ఇది ఏ వేళ తీశావమ్మా?"

అప్పటి నుంచి ఆ ఫొటో ఎప్పుడు తెరిచినా నాకు ఆ మూడు వేళలే కనిపిస్తున్నాయి. మంచుని ఎంతవరకు తెల్లగా చేయాలి, ఎక్కడ ఆపాలి? రెండోది, ఫ్రేములో కింద తెలుపు, పైన ఆకాశం, మధ్యలో నల్లటి గీత తప్ప ఏమీ ఉండటం లేదు. దాన్ని ఎలా కట్టాలి? ఇంకోటి, చలికి బ్యాటరీ అరగంటలో చచ్చిపోతోంది. దయచేసి చెప్పండి.

సుపీరియర్_గట్టు:

అమ్మా, మీ నాన్నగారు జబ్బేమిటో సరిగ్గా పట్టేశారు. నేను సుపీరియర్ సరస్సు ఒడ్డున ఉన్న డులూత్‌లో 11 ఏళ్లుగా ఉంటున్నాను. మొదటి రెండు చలికాలాలు నేనూ ఇదే తప్పు చేశాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

వెలుతురు కొలిచే కెమెరా మీటరు ఏ దృశ్యాన్నైనా మధ్యస్థ బూడిద రంగుకి తీసుకొస్తుంది. అందుకే మంచు మురికిగా వస్తుంది. "మంచుకి ఒకటిన్నర, రెండు స్టాపులు పెంచాలి" అన్న సూత్రం అక్కడ పుట్టిందే (ఒక స్టాపు పెంచడం అంటే వెలుగు రెట్టింపు చేయడం). కానీ అది ఎండ కాసేటప్పటి మాట. పొద్దు గూకాక మంచు మీద పడేది ఆకాశపు వెలుతురే. అప్పుడు మంచు తెల్లగా ఉండదు, మసకగా, నీలంగా ఉంటుంది. దాన్ని తెల్లగా చేశారంటే మునిమాపుని చెరిపేసినట్టే. ఆ వేళలో నేను పాతిక నిమిషాల పాటు ప్లస్ 0.3 నుంచి 0.7 స్టాపుల దాకానే ఉంటాను. హిస్టోగ్రామ్‌లో, అంటే ఎడమ నలుపు నుంచి కుడి తెలుపు దాకా వెలుగు ఎక్కడెంత ఉందో చూపే గ్రాఫులో, మంచు గుట్ట మధ్య గీతకి కాస్త కుడి పక్కన ఉంటే చాలు, కుడి గోడ దాకా తోయక్కర్లేదు.

మీ ఫొటోలో ఆ స్కీ గీతలున్నాయి చూశారా, ఈసారి వెళ్లినప్పుడు వాటి పక్కన మోకాళ్ల మీద కూర్చుని చూడండి. గీతకి రెండు అంచులుంటాయి. సూర్యుడు దిగిన నైరుతి వైపుకి తిరిగిన అంచు మీద పల్చటి గులాబీ ఛాయ ఉంటుంది. రెండో అంచు ముదురు నీలం. ఆ రెండు అంచులకీ తేడా చాలా తక్కువ, కానీ గీత లోతు తెలిసేదే దాని వల్ల. మీరు టెంపరేచర్ స్లైడర్ నారింజ వైపు జరిపినప్పుడు నీలం అంచు బూడిదైపోయింది. గులాబీ అంచుకి పక్కన పోల్చుకోవడానికి ఏమీ మిగల్లేదు. మంచు కాగితంలా చదునైపోయింది.

కాబట్టి రా ఫైల్‌లో (కెమెరా ఏ మార్పూ చేయని ఫైలు) తీయండి. ఎడిటింగ్ మొదలుపెట్టేటప్పుడు తెలుపు ఏ ఛాయలో కనిపించాలో చెప్పే వైట్ బ్యాలెన్స్‌ని 'డేలైట్' మీద, అంటే 5200 - 5500 కెల్విన్ దగ్గర పెట్టండి. ఆటో మీద వదిలేస్తే అది నీలాన్ని తప్పనుకుని తీసేస్తుంది. మంచు మరీ ఇంకులా కనిపిస్తే టెంపరేచర్ జోలికి పోకండి. రంగుల ప్యానెల్‌లో నీలం సాచురేషన్ (రంగు గాఢత) ఒక్కటే 10, 15 తగ్గించండి, గులాబీ అలాగే ఉంటుంది. ఆ నీలం మీ కెమెరా పొరపాటు కాదు. సూర్యుడు దిగాక వెలుతురు ఓజోన్ పొర గుండా చాలా దూరం ఏటవాలుగా వస్తుంది, ఓజోన్ పసుపు, నారింజ రంగుల్ని పీల్చేసుకుంటుంది. నడినెత్తిన కనిపించే ఆ ముదురు నీలానికి ప్రధాన కారణం అదే.

సూర్యుడు దిగిన వైపే చూస్తూ ఉండకండి. అస్తమయమైన పది నిమిషాలకి వెనక్కి తిరగండి. ఎదురు దిక్కున దిగంతం మీద నీలి బూడిద పట్టీ, దాని పైన గులాబీ పట్టీ కనిపిస్తాయి. కింద ఉన్న పట్టీ మన భూమి నీడ. గులాబీ పట్టీని 'వీనస్ వడ్డాణం' అంటారు. మంచు మీద తీసే సాయంత్రం ఫొటోలకి అంతకన్నా మంచి ఆకాశం నేను చూడలేదు. చాలామంది అటు వీపు పెట్టి నిలబడతారు.

దీపాల సంగతి. అస్తమయమైన 15 నుంచి 25 నిమిషాల మధ్య ఇళ్ల దీపాల వెలుగూ ఆకాశపు వెలుగూ సమానమవుతాయి. అంతకుముందు దీపాలు తేలిపోతాయి. ఆ తర్వాత ఆకాశం నల్లబడిపోయి దీపాలు తెల్లటి మచ్చలవుతాయి. ఉన్నది ఆ పది నిమిషాలే, ఫ్రేము అంతకుముందే కట్టుకుని ఉండాలి. ఐఎస్‌ఓ (సెన్సర్ సున్నితత్వం) 100, లెన్స్ రంధ్రం ఎఫ్ 8, షట్టరు ఎంత పడితే అంత, రెండు సెకన్ల టైమరు. మా వైపు స్ప్లిట్ రాక్ లైట్‌హౌస్ ఉంది. 1975 నవంబర్ 10న ఎడ్మండ్ ఫిట్జ్‌జెరాల్డ్ ఓడ 29 మందితో సుపీరియర్ సరస్సులో మునిగిపోయింది. ఏటా అదే రోజు వాళ్ల జ్ఞాపకార్థం చీకటి పడే వేళకి ఆ దీపం వెలిగిస్తారు. దీపానికీ ఆకాశానికీ తూకం కుదర్చడం నేను నేర్చుకున్నది అక్కడ, అంతమంది మౌనంగా నిలబడి ఉన్న ఆ ఒడ్డున. వీలైతే వచ్చే ఏడాది రండి.

ఫ్రేము విషయం. ట్రైపాడ్ మోకాలి ఎత్తుకి దించండి. ఆ రెండు గీతలూ ఫ్రేము కింది మూల నుంచి మొదలై దీపాల వైపు నడవాలి. ఆకాశంలో మబ్బు లేకపోతే దానికి పైన ఐదో వంతు చాలు, మిగతాదంతా మంచుకే ఇచ్చేయండి. ఖాళీగా ఉందని కంగారు పడి చెట్టునో బెంచీనో ఇరికించకండి, చలికాలం సరస్సు అంటేనే ఆ ఖాళీ. ఒక్క జాగ్రత్త, మీ అడుగులు ఫ్రేములో పడకూడదు. చుట్టూ తిరిగి వెళ్లండి.

మంచు మీద నడిచే ముందు దళసరి చూసుకోండి. మనిషి నడవాలంటే గట్టి, పారదర్శకమైన ఐసు కనీసం నాలుగు అంగుళాలు ఉండాలంటుంది మిన్నెసోటా సహజ వనరుల శాఖ. తెల్లటి ఐసు అయితే ఇంకా ఎక్కువ కావాలి. నీళ్లు వచ్చి కలిసే చోట, వంతెనల కింద అసలు వద్దు.

బ్యాటరీ లోపలి జేబులో, ఒంటికి ఆనేలా పెట్టుకోండి. చచ్చిందనుకున్నది వెచ్చబడితే మళ్లీ లేస్తుంది. తిరిగి వచ్చేటప్పుడు ఇంకా బయట ఉండగానే కెమెరాని జిప్ కవర్లో పెట్టి మూసేయండి. ఇంట్లోకి వచ్చాక గంటన్నర దాకా తెరవద్దు, తెరిస్తే చెమ్మంతా లెన్స్ మీదే.

పాడేరు_మబ్బులు:

మా దగ్గర మంచు అంటే నేల మీద పడేది కాదండీ, గాలిలో తేలేది. అయినా డీహేజ్ గురించి ఒక మాట చెప్పాలనిపించింది.

లంబసింగికి అందరూ తెల్లవారుజామునే వస్తారు. నాకు సాయంత్రాలు ఇష్టం. పొద్దు కొండ వెనక్కి దిగగానే పొయ్యిల పొగ పైకి లేవడం మానేస్తుంది. కింద గాలి చల్లబడి, పైన కాస్త వెచ్చగా ఉంటుంది కాబట్టి ఆ పొగ ఊరి మీద ఆరేసిన పంచెలా అడ్డంగా పరుచుకుంటుంది. పొగ వెనక కొండ, దాని వెనక ఇంకో కొండ, ఒక్కోటీ ఇంకాస్త పల్చగా ఉంటుంది. దూరం తెలిసేదే ఆ పల్చదనంతో. ఫ్రేమంతటికీ డీహేజ్ 30 పెడితే అన్ని కొండలూ ఒకే గోడకి అంటించినట్టయిపోతాయి. నేను మాస్క్ వేసి, అంటే ఆ భాగాన్ని మాత్రమే ఎంచుకుని, ముందున్న చెట్టుకో బండకో 10 ఇస్తానంతే. దూరానికి ఒక్కోసారి మైనస్ 5 కూడా ఇస్తాను. మీ ఆవలి గట్టు చెట్లకీ అలాగే చేసి చూడండి.

ఇంకొకటి గమనించారా? చీకటి పడుతుంటే మన కంటికి ముందు ఎరుపు చచ్చిపోతుంది. సంతలోంచి వస్తున్న ఆవిడ ఎర్రచీర ఐదున్నరకి ఎర్రగా ఉంటుంది, పావుగంటకి నల్లగా కనిపిస్తుంది, పక్కన ఆకుల పచ్చదనం మాత్రం ఇంకా తెలుస్తూనే ఉంటుంది. చెక్ శాస్త్రవేత్త పుర్కిన్యే రెండు వందల ఏళ్ల కిందట గమనించిన విషయమే ఇది. కెమెరాకి ఆ సంగతి తెలియదు, ఎరుపుని ఎరుపుగానే తీస్తుంది. అందుకని నేను సందె ఫొటోల్లో ఎరుపు, నారింజల ల్యూమినెన్స్ (ఆ రంగుల వెలుగు) కొంచెం దించుతాను. వలిసె పూల చేలు తీసినప్పుడు పసుపుని కూడా. దించాకే నేను నిలబడి చూసిన సాయంత్రంలా అనిపిస్తుంది.

హనుమకొండ_ఫోన్‌కెమెరా:

ఫోనుతో తీసేవాళ్ల కోసం ఒక ముక్క. నైట్ మోడ్ చీకటిని పగలు చేసేస్తుంది. మంచు మీద వేలితో కాసేపు నొక్కి పట్టి లాక్ చేయండి, తర్వాత వెలుగు గుర్తుని కిందికి జరపండి. దీపాల చుట్టూ వెలుగు అంచు తెలిసేదాకా దించితే సరిపోతుంది. మిగతాది ఎడిటింగ్‌లో చూసుకోవచ్చు.

నర్సీపట్నం_అమ్మాయి:

ఇన్ని విషయాలు చెప్పినందుకు మీకందరికీ చాలా థ్యాంక్స్. శనివారం మళ్లీ వెళ్లాను. మైనస్ 16 డిగ్రీలు. నాలుగింటికే వెళ్లి, చుట్టూ తిరిగి అవతలి వైపు నుంచి ఫ్రేము కట్టుకున్నాను. సుపీరియర్_గట్టు గారూ, మోకాళ్ల మీద కూర్చుని ఆ గీతల్ని చూశాను. మీరన్న గులాబీ అంచు నిజంగానే ఉంది! ఐదారు నిమిషాలే ఉండి పోయింది. మూడేళ్లుగా దాని పక్కనుంచే నడిచాను.

నాలుగూ యాభై రెండుకి తీసిన ఫ్రేము ఎంచుకున్నాను. డేలైట్ 5300, ఎక్స్‌పోజర్ ప్లస్ 0.3, నీలం మైనస్ 12, దీపాల మీద చిన్న మాస్క్ వేసి హైలైట్స్ తగ్గించాను. పాడేరు గారి మాట విని ఆవలి గట్టుకి డీహేజ్ పెట్టలేదు. స్క్రీన్ మీద చూస్తే ఊపిరి ఆగింది. కానీ ప్రింటు వేయిస్తే బాగా చీకటిగా వచ్చింది, గీతలు కనిపించడమే లేదు. మళ్లీ పెంచేయాలా? నాన్నకి ఇది పంపాలంటే టెన్షన్‌గా ఉంది.

సుపీరియర్_గట్టు:

ఫైలు మార్చే ముందు మానిటర్ చూడండి అమ్మా. బ్రైట్‌నెస్ ఫుల్‌లో పెట్టి ఎడిట్ చేసి ఉంటారు. స్క్రీన్ తన వెలుగుతో తాను వెలుగుతుంది, కాగితానికి గదిలో ఉన్న వెలుగే దిక్కు. మానిటర్ పక్కన తెల్ల కాగితం పెట్టండి. స్క్రీన్ తెలుపూ కాగితం తెలుపూ దాదాపు సమానమయ్యే దాకా బ్రైట్‌నెస్ తగ్గించి, అప్పుడు ఎడిట్ చేయండి. మునిమాపు ఫొటోకి ఇది మరీ ముఖ్యం, దాని ప్రాణమంతా ముదురు ఛాయల్లోనే ఉంటుంది కదా.

ప్రింటు ఏ గోడకి వేలాడుతుందో అది కూడా చూసుకోండి. నర్సీపట్నంలో మీ హాల్లో ట్యూబ్‌లైటే కదా? మన ఇళ్లలో మామూలుగా వాడే కూల్ డేలైట్ ట్యూబు 6500 కెల్విన్. మీ మిన్నియాపోలిస్ ఇంట్లో బల్బు బహుశా 2700. మీ గదిలో సరిగ్గా ఉన్న నీలం అక్కడ ఇంకాస్త నీలంగా కనిపిస్తుంది. కాబట్టి ఆ ప్రింటు వరకు నీలం ఇంకో ఐదు తగ్గించినా తప్పు లేదు. పెద్ద ప్రింటు వేయించకుండా ముందు చిన్నవి వేరు వేరు ఎక్స్‌పోజర్లతో వేయించి చూడండి.

నర్సీపట్నం_అమ్మాయి:

అవునండీ, ట్యూబ్‌లైటే. మానిటర్ బ్రైట్‌నెస్ 100లో ఉంది, కాగితం పెట్టి చూస్తే 35 దగ్గర కుదిరింది.

చిన్న ప్రింట్లని మీరనగానే డార్క్‌రూమ్ గుర్తొచ్చింది. నాన్న పెద్ద సైజు ప్రింటు వేసే ముందు ఒక సన్నటి కాగితం ముక్క తీసుకునేవారు. దాని మీద అట్టముక్క అడ్డం పెట్టి, మూడు సెకన్లకోసారి కొంచెం కొంచెం జరుపుతూ టెస్ట్ స్ట్రిప్ తీసేవారు. ఎర్రదీపం కింద ట్రేలో ఒక్కో మెట్టూ నల్లబడుతుంటే నేను స్టూలెక్కి చూసేదాన్ని. తర్వాత దాన్ని తడితోనే హాల్లోకి తెచ్చి, ట్యూబ్‌లైటు కింద పట్టుకుని ఏ మెట్టో తేల్చేవారు.

మూడు 4×6 ప్రింట్లు వేయించాను: ప్లస్ 0.3, 0.6, 0.9. మూడింట్లోనూ నీలం మైనస్ 17. నిన్న కొరియర్‌లో వేశాను. వెనకాల పెన్సిల్‌తో ఒకటి, రెండు, మూడు అని మాత్రమే రాశాను. ఏది ఎంతో నాన్నకి చెప్పలేదు, హాల్లో గోడ దగ్గర పెట్టి చూసి నంబరు చెప్పమన్నాను.