మహిళలకు కేటాయించిన సర్పంచ్ స్థానంలో ట్రాన్స్ మహిళ పోటీ చేయవచ్చా?

లంక రైతు:
2021 ఫిబ్రవరిలో గెలిచిన పంచాయతీల గడువు 2026తో తీరిపోతుంది. ఈసారి మా పక్క ఊరి సర్పంచ్ స్థానం మహిళలకే వస్తుందని కోనసీమలో ప్రతి టీ కొట్టూ అప్పుడే లెక్క తేల్చేసింది. ఆ ఊళ్లోనే పుట్టి, చిన్నప్పుడే వెళ్లిపోయి, తల్లిని చూసుకోవడానికి తిరిగొచ్చిన ఒక ట్రాన్స్ మహిళ ఆ స్థానానికి నిలబడతానంటున్నారు. కలెక్టరు ఇచ్చిన గుర్తింపు పత్రం ఉందట. ఊరు రెండుగా చీలింది. మా కొబ్బరి దింపు కూలీలు కూడా పని ఆపి దీని గురించే వాదించుకుంటున్నారు. నేను ఎవరి పక్షమూ కాదు. నామినేషన్ వేస్తే చెల్లుతుందా, చెల్లదా? అంతవరకు చెప్పండి.

అమలాపురం ప్లీడరు:
చెల్లదన్న తీర్పు ఉంది, చెల్లుతుందన్న తీర్పూ ఉంది. రెండూ మన హైకోర్టువి కావు. మధ్యప్రదేశ్‌లోని కట్నీలో మహిళలకు కేటాయించిన మేయర్ పదవికి కమలా జాన్ అనే హిజ్రా గెలిచారు. ఆ ఎన్నిక చెల్లదని 2003లో అక్కడి హైకోర్టు తేల్చింది. మహారాష్ట్రలో జల్‌గావ్ జిల్లా భాద్లీ బుద్రుక్ పంచాయతీలో మహిళల వార్డుకు అంజలి గురు సంజనా జాన్ నామినేషన్ వేస్తే ఎన్నికల అధికారి తిరస్కరించాడు. 2021 జనవరిలో బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచి ఆ తిరస్కరణను తప్పుపట్టి పోటీకి అనుమతించింది. ఆమె గెలిచారు కూడా.

ఈ రెండింటి మధ్య 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు ఇచ్చిన నాల్సా (జాతీయ న్యాయ సేవల సంస్థ) తీర్పు ఉంది. తాను స్త్రీనా, పురుషుడినా, తృతీయ లింగమా అన్నది ఎవరికి వారే నిర్ణయించుకోవచ్చని అది చెప్పింది. కాబట్టి కట్నీ తీర్పుకు కాలం చెల్లిందని నా అభిప్రాయం. మన రిటర్నింగ్ అధికారి ఏం చేస్తాడన్నది వేరే సంగతి. ఆయనకు చేతిలో ఉన్న కాగితమే వేదం.

మాజీ సర్పంచమ్మ:
ప్లీడరుగారు కాగితం గురించి చెప్పారు, నేను కుర్చీ గురించి చెబుతాను. మహిళా సీటు వచ్చిందని మా మామగారు నా పేరు రాయించారు. నన్ను అడగలేదు. గెలిచాక సమావేశంలో మా ఆయన కూర్చునేవారు, తీర్మానాల పుస్తకం వంటింటికి వచ్చేది, చేతులు తుడుచుకుని నేను సంతకం పెట్టేదాన్ని. ఊళ్లో మంచినీటి చెరువు పక్కనే రొయ్యల చెరువు తవ్వుకోవడానికి ఒకాయన అనుమతి అడిగినప్పుడు మొదటిసారి పెట్టనన్నాను. చాలా రోజులు ఇంట్లో ఎవరూ నాతో మాట్లాడలేదు. ఆ తర్వాతే పంచాయతీ ఆఫీసుకు వెళ్లి నా కుర్చీలో నేను కూర్చున్నాను.

పంచాయతీల్లో ఆ యాభై శాతం మహిళా సీట్లు ఎవరి కోసం పెట్టారో నేను పుస్తకాల్లో చదివి తెలుసుకోలేదు. ఆడపిల్లగా పుట్టిందని చదువు మాన్పించి, పదిమందిలో నోరు తెరిస్తే కళ్లెర్రజేసి పెంచిన వాళ్ల కోసం పెట్టారు. మగపిల్లవాడిగా పెరిగి తర్వాత మారినవారి కోసం కాదు. బ్రిటన్ సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 16న ఇదే చెప్పింది. ఆ గొడవ కూడా పదవుల దగ్గరే మొదలైంది. స్కాట్లాండ్‌లో ప్రభుత్వ సంస్థల బోర్డుల్లో సగం మంది మహిళలు ఉండాలని 2018లో చట్టం చేశారు. ఆ సగంలో ట్రాన్స్ మహిళలను లెక్కవేయవచ్చా అని ఆడవాళ్లే కోర్టుకు వెళ్లారు. సమానత్వ చట్టంలో స్త్రీ అంటే పుట్టుకతో స్త్రీ అని అయిదుగురు జడ్జీలూ ఏకగ్రీవంగా చెప్పారు.

కాకినాడ కుర్రాడు:
హిజ్రాలను నేరస్థుల్లా రిజిస్టరుకెక్కించడానికి 1871లో మన దేశంలో చట్టం తెచ్చినవారూ ఆ బ్రిటన్ వారే. ఇప్పుడు కోనసీమ పంచాయతీకి కూడా వారే తీర్పు చెప్పాలా?

అమలాపురం ప్లీడరు:
సర్పంచమ్మగారు సగమే చెప్పారు. ట్రాన్స్ వ్యక్తులకు వివక్ష నుంచి రక్షణ ఎప్పటిలాగే ఉంటుందని కూడా ఆ తీర్పులో ఉంది. అయినా అది మనకు వర్తించదు. మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2025 జూన్‌లో ఏమన్నదో చూడండి. భర్త, అత్తమామల మీద ఒక ట్రాన్స్ మహిళ 498ఎ కేసు, అంటే అత్తింటి వేధింపుల కేసు పెట్టారు. పిల్లలను కనలేదు కాబట్టి ఆమె స్త్రీ కాదన్న వాదనను కోర్టు తోసిపుచ్చింది. ఆమె స్త్రీయే, ఫిర్యాదు చేసే హక్కు ఉంది అన్నది.

మాజీ సర్పంచమ్మ:
ఆ కేసు చివరికి ఏమైంది?

అమలాపురం ప్లీడరు:
ఆరోపణలకు తగిన ఆధారాలు లేవని కొట్టివేశారు. అది వేరే విషయం.

మాజీ సర్పంచమ్మ:
కొట్టివేశారా, లేదా?

అమలాపురం ప్లీడరు:
కొట్టివేసిన కారణం ఆమె స్త్రీ కాదని కాదు. ఆధారాలు చాలక. ఇలాంటివి రోజూ ఎన్ని కొట్టివేస్తారో, పుట్టుకతో స్త్రీలు పెట్టినవే, నా దగ్గరకు వచ్చి చూడండి.

మాజీ సర్పంచమ్మ:
అంటే కొట్టివేశారు. సరే.

రాజోలు బస్సు:
ఇంత చర్చ దేనికి? 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి బస్సు పథకం కింద ఆడవాళ్లతోపాటు ట్రాన్స్‌జెండర్లకూ ఉచిత టిక్కెట్టు ఇస్తున్నారు. పల్లెవెలుగులో నా పక్కనే కూర్చుంటున్నారు. నాకేమీ తగ్గలేదు. సీటు దొరకడమే కష్టంగా ఉంది, అది అందరికీ.

మాజీ సర్పంచమ్మ:
బస్సులో ఒకరు ఎక్కితే ఇంకొకరు దిగనక్కరలేదు. సర్పంచ్ పదవి ఊరికి ఒక్కటే.

డ్రిల్లు మాస్టారు:
నాది ఆటల బుర్ర, అటునుంచే చెబుతాను. 2006 దోహా ఆసియా క్రీడల్లో 800 మీటర్ల పరుగులో రజతం గెలిచిన తమిళనాడు అమ్మాయి శాంతి సౌందరరాజన్ గుర్తున్నారా? లింగ పరీక్ష పేరు చెప్పి పతకం వెనక్కి తీసుకున్నారు. ఆమె ఆడపిల్లగానే పుట్టి పెరిగింది. "నువ్వు నిజంగా ఆడదానివేనా" అన్న ప్రశ్న ఒకసారి మొదలైతే అది ముందు ఎవరి మీద పడుతుందో నేను మైదానంలో చూస్తున్నాను. కాస్త బలంగా, గొంతు బొంగురుగా ఉన్న పేదింటి పిల్ల మీద పడుతుంది. అయితే పరుగు పందెంలో ఒంటి బలానికి లెక్క ఉంది, అక్కడ తేడా చూడాలంటే నేను కాదనను. సర్పంచ్ పనికి ఏ కండరం కావాలో మాత్రం నాకు అర్థం కాలేదు.

గోదారి గట్టు:
రేపు ప్రతి మగాడూ చీర కట్టుకుని నామినేషన్ వేస్తాడు, అప్పుడు చూడండి తమాషా. మా అమ్మాయి పెళ్లిలో వీళ్లు గుంపుగా వచ్చి, అడిగినంత ఇచ్చేదాకా పందిరి వదల్లేదు. వియ్యాలవారి ముందు తల ఎత్తుకోలేకపోయాను. ఆ (తొలగించబడింది) ఊరిని ఏలుతారా?

నిర్వాహకుడు:
ఒక పదం తొలగించాను. మళ్లీ వాడితే ఖాతా నిలిపివేస్తాను.

లంక రైతు:
నేను ఎన్నికల సంగతి అడిగితే పెళ్లి పందిరి దాకా వెళ్లింది. సర్పంచమ్మగారూ, ఆ రొయ్యల చెరువు ఇంతకీ తవ్వారా?

మాజీ సర్పంచమ్మ:
తవ్వారు. నా తర్వాత వచ్చిన సర్పంచ్ సంతకం పెట్టింది. ఇప్పుడు ఊరంతా నీళ్ల డబ్బాలు కొనుక్కుంటున్నారు.

గౌతమి:
మీరంతా మాట్లాడుకుంటున్నది నా గురించే. పేరు చెప్పను, ఊళ్లో అందరికీ తెలుసు.

ముందు కాగితం సంగతి. ట్రాన్స్‌జెండర్ల హక్కుల కోసం తెచ్చిన 2019 చట్టం 6వ సెక్షన్ కింద కలెక్టరు ఇచ్చే మొదటి పత్రంలో "ట్రాన్స్‌జెండర్" అని ఉంటుంది. శస్త్రచికిత్స తర్వాత 7వ సెక్షన్ కింద మార్చి ఇచ్చే పత్రంలో స్త్రీ అనో పురుషుడు అనో రాస్తారు. నా దగ్గర రెండోది ఉంది.

గోదారి గట్టు గారూ, మీ అమ్మాయి పెళ్లికి వచ్చినవారిలో నేను ఉన్నానేమో, నాకు గుర్తు లేదు. ఇల్లు వదిలాక చేతులు తట్టి అడుక్కోవడం తప్ప నాకు ఎవరూ ఏ పనీ ఇవ్వలేదు. బట్టల కొట్లో అడిగితే గిరాకీ పోతుందన్నారు. మీ పందిట్లో మీకు పోయిన పరువు గురించి మీరు చెప్పారు, నాది ఎన్ని పందిళ్లలో పోయిందో నేను లెక్కపెట్టుకోలేదు. ఇక మగాళ్లు చీర కట్టుకుని వస్తారన్న భయం. జల్‌గావ్ తీర్పులో దానికీ జవాబుంది. అవకాశం కోసం మళ్లీ పురుషుడినని మారనని, ఇకముందు స్త్రీగానే కొనసాగుతానని ఆమె చెప్పిన మాటను కోర్టు నమోదు చేసుకుంది. నా చేత కూడా రాయించుకోండి. అయినా మన జిల్లాలో మగాళ్లకు ఆ కష్టం దేనికి? భార్య చేత చీర కట్టించి నామినేషన్ వేయిస్తే కుర్చీ ఎలాగూ వాళ్లదే.

మాజీ సర్పంచమ్మ:
ఆ చివరి మాట నన్నే అన్నారు. నేను దాచలేదు, నా నోటితో నేనే చెప్పాను. దాన్ని తీసి నా మీదే విసురుతారా? ఆ కుర్చీ దాకా నడిచి వెళ్లడానికి నేను ఏం పడ్డానో మీకేం తెలుసు? మా అత్తగారు నా పుట్టింటికి కబురు పంపి, పిల్లను తీసుకుపొమ్మన్నారు.

గౌతమి:
నన్ను తీసుకుపొమ్మని కబురు పంపడానికి పుట్టింటివారే లేరు, పంపేసింది వాళ్లే కాబట్టి. మీ మీద విసరలేదు. ఆడవాళ్ల సీటును మింగుతున్నది ఎవరో చూడండి అంటున్నాను. మీ చెరువు విషయంలో సంతకం పెట్టిన ఆవిడ పుట్టుకతో స్త్రీయే కదా. మీ కొలత ప్రకారం ఆవిడకు పూర్తి అర్హత ఉంది, నాకు లేదు.

గోదారి గట్టు:
అడుక్కోవడం మానేసి ఇప్పుడు ఓట్లు అడుక్కుంటారన్నమాట.

రాజోలు బస్సు:
ఓట్లు అడుక్కోని నాయకుడు ఎవరండీ?

కువైట్ నుంచి:
ఇక్కడ ఇళ్లల్లో పని చేసి మేము పంపే డబ్బుతోనే మీ ఊళ్లలో మేడలు లేచాయి. ఓటు వేయడానికి వద్దామంటే మాకు సెలవు లేదు. ఏ ఊళ్లో ఎవరు గెలిచినా మా పిల్లల స్కూలుకు రోడ్డు పడలేదు. మీరు మీరు కొట్టుకోండి.

మాజీ సర్పంచమ్మ:
ఇప్పుడు మర్యాదలు పక్కన పెట్టి నా మనసులో ఉన్నది చెబుతాను. గౌతమిగారికి జరిగింది అన్యాయమే. పింఛను రావాలి, ఇల్లు రావాలి, ఊళ్లో ఎవడైనా నోరు జారితే నేనే చెప్పు తీస్తాను. వేరే వాటా అడగండి, జెండా పట్టుకుని మీ ముందు నడుస్తాను. కర్ణాటకలో 2021లో ప్రభుత్వ ఉద్యోగాల్లో ట్రాన్స్‌జెండర్లకు ఒక శాతం ఇచ్చారు. నాల్సా తీర్పు కూడా వెనుకబడిన వర్గంగా గుర్తించి రిజర్వేషన్ ఇవ్వమంది. అది ఎందుకు అడగరు? ఎవరికి ఏం పెట్టాలన్నా ఆడవాళ్ల విస్తరిలోంచే తీసి పెడతారేం? మిగతా సగం కుర్చీల్లో మగవాళ్లు కాళ్లు చాపుకుని కూర్చున్నారు, వాళ్లను జరగమని ఒక్కరైనా అన్నారా ఇక్కడ?

గౌతమి:
వేరే వాటా ఎక్కడ ఇస్తారు? 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మొత్తానికి "ఇతరులు" 43,769 మంది. ఊరికి ఒకరో ఇద్దరో, చాలా ఊళ్లలో ఒక్కరూ ఉండరు. ఏ పంచాయతీని మాకోసం కేటాయిస్తారు? అది వచ్చేదాకా నా జీవితం ఆగుతుందా? అసలు సంగతి అది కూడా కాదు. "ఇతరులు" అన్న గడిలో నన్ను మీరు కూర్చోబెడుతున్నారు. నేను స్త్రీనని చెప్పాను, ప్రభుత్వం రాసిచ్చింది.

మాజీ సర్పంచమ్మ:
ప్రభుత్వం రాసిచ్చిన ఆ ఒక్క మాటే నేను ఒప్పుకోనిది. ఇంతసేపూ చుట్టూ తిరిగాం, ఇప్పుడు చోటుకు వచ్చాం. మిమ్మల్ని గౌరవిస్తాను. నేనూ మీరూ ఒకటే అంటే ఒప్పుకోను. మొదటిసారి బయట చేరిన రోజు నుంచి నా ఒంటిని చూసే నాకు గీతలు గీశారు. ఆ గీతల కోసమే ఆ సీటు.

గౌతమి:
ఒకటే అని నేనూ అనలేదు. పొలం గట్ల మీద నాట్లు వేసే ఆడకూలీ, మేడ మీద మీరు ఒకటేనా? కాకపోయినా ఆ సీటుకు ఇద్దరికీ అర్హత ఉంది. నాకు ఎందుకు గీతలు గీశారంటారు? మగపిల్లవాడిగా ఉండనన్నందుకు. నడక ఆడపిల్లలా ఉందని మా మాస్టారు రోజూ బెత్తం తీసేవారు. అది మీ లెక్కలోకి రాదా?

మాజీ సర్పంచమ్మ:
వస్తుంది. వేరే పద్దులో వస్తుంది.

అమలాపురం ప్లీడరు:
7వ సెక్షన్ పత్రం ఉంటే కట్నీ తీర్పుతో పోలికే కుదరదు. కమలా జాన్ దగ్గర అలాంటి పత్రం ఉండే అవకాశమే లేదు, అప్పటికి చట్టమే లేదు. ఈ ఒక్క తేడా చాలు. ఎవరూ దీని గురించి మాట్లాడడం లేదేం?

కాకినాడ కుర్రాడు:
ప్లీడరుగారూ, మీరొక్కరే కోర్టులో ఉన్నారు.

గౌతమి:
సర్పంచమ్మగారూ, ఒక్కటి అడుగుతాను. నామినేషన్ పత్రం మీద ప్రతిపాదించేవారి సంతకం కావాలి. మీరు పెడతారా?

మాజీ సర్పంచమ్మ:
నాకు మీ ఊళ్లో ఓటు లేదు.

గౌతమి:
ఉంటే?

మాజీ సర్పంచమ్మ:
మహిళా సీటుకు పెట్టను. జనరల్ సీటుకు నిలబడండి, సంతకం పెట్టి మీ వెంట గడప గడపకూ తిరుగుతాను.

గౌతమి:
మీ ఊరు జనరల్ అయినప్పుడు మీరు ఎందుకు నిలబడలేదు?

మాజీ సర్పంచమ్మ:
నిలబడతానన్నాను. "మళ్లీ మహిళా సీటు వచ్చినప్పుడు చూద్దాంలే అమ్మా" అన్నారు మావాళ్లు.

గౌతమి:
నాకు ఆ మాట కూడా అనరు.

మాజీ సర్పంచమ్మ:
అనరు. నాకు తెలుసు. అయినా నాకు మిగిలింది ఆ ఒక్క సీటు, దాన్ని నేను వదలను.