స్టేజ్ మీద మా పాప గురించి జోకులు ఆపేయాలా?

హైటెక్ సిటీలో ఉద్యోగం, వారానికి ఒకటో రెండో ఓపెన్ మైక్‌లు, అంటే ఎవరైనా స్టేజ్ ఎక్కి కామెడీ చెప్పే షోలు. బంజారాహిల్స్‌లో లామకాన్ అనే కల్చరల్ సెంటర్‌లో మొదలుపెట్టి మూడేళ్లయింది. నా సెట్‌లో బాగా పేలేది మా తొమ్మిదేళ్ల పాప బిట్టే. రాత్రి పదిన్నరకి "నాన్నా, రేపు స్కూల్‌కి చార్మినార్ మోడల్ తీసుకెళ్లాలి" అంటుంది, నేను అట్టపెట్టె, ఫెవికాల్ పెట్టుకుని ఒంటిగంట దాకా కడితే మూడు మినార్లే నిలబడతాయి, తెల్లారి క్లాసులో తను ఎలా ఏడ్చిందో యాక్ట్ చేసి చూపిస్తా. పోయిన నెల దాన్ని రీల్‌గా పెడితే తిరిగి తిరిగి మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూప్‌లోకే వచ్చింది. కింద పిల్లలు పాపని "మూడు మినార్లు" అని పిలుస్తున్నారట. రెండు రోజులు తను నాతో మాట్లాడలేదు. మా ఆవిడేమో "నా మీద ఎన్నైనా వేసుకో, దాన్ని వదిలెయ్" అంటోంది.

జవాబు 1
మూడు మినార్లు కట్టింది నువ్వు, పేరు పడింది పాపకి. తేడా అక్కడే ఉంది అన్నా. అమెరికన్ కమెడియన్ జిమ్ గాఫిగన్‌కి ఐదుగురు పిల్లలు, మన్‌హటన్‌లో రెండు బెడ్‌రూమ్‌ల ఇంట్లో ఏడుగురు ఉన్న రోజుల గురించి ఎంత నవ్వించాడో, కానీ ఎక్కువ నవ్వు ఆయన బద్ధకం మీదే. ఇంకో అమెరికన్ కమెడియన్ ఆలీ వాంగ్, 2016లో వచ్చిన తన షోలో ఏడు నెలలు దాటిన కడుపుతో స్టేజ్ ఎక్కింది, ఆ బిడ్డని ఆటపట్టించే క్లాస్‌మేట్స్ అప్పటికి లేరు కదా. నీ ఫెవికాల్ కష్టాలు ఉంచు, ఏడుపు తీసెయ్.

జవాబు 2
మా నాన్న కమెడియన్ కాదు, కానీ ఏ పెళ్లికెళ్లినా ఐదేళ్లప్పుడు మండపంలో నా పంచె ఊడిన కథ చెప్పాల్సిందే. ముప్ఫై నాలుగేళ్లొచ్చినా మా బాబాయికి నేను పంచెగాడినే. చిన్నప్పుడు చచ్చేంత సిగ్గేసేది. నాన్న పోయాక, విచిత్రం ఏంటంటే, ఆ కథ నేనే చెప్తున్నా.

జవాబు 3
పాపని అడిగి చెయ్యి అంటారు చూడండి, తొమ్మిదేళ్ల పిల్ల నాన్నకి వద్దని ఎలా చెప్తుంది? ముందు రీల్ తీసెయ్ బ్రో. కేఫ్‌లో నలభై మంది నవ్వింది పార్కింగ్ దాకా కూడా రాదు, ఫోన్‌లో ఉన్నది పెళ్లిచూపుల దాకా వస్తుంది.

అడిగినవాడు
రీల్ తీసేశా. నిన్న ఏడుపు లేకుండా చెప్తే నవ్వు సగమే వచ్చింది, ఒప్పుకుంటున్నా. ఇంటికెళ్లి పాపకి చెప్తే, "క్లాసులో నాలుగో మినార్‌ని పీరియడ్ అయ్యేదాకా నేను చేత్తో పట్టుకున్నా, అది ఎప్పుడూ చెప్పవేం?" అంది. నాకు ఇన్నాళ్లూ తెలీదు. చెప్పొచ్చా అని అడిగితే ఆలోచిస్తానంది.