బేర్‌ఫుట్ షూస్ వేసిన మూడో రోజుకే పిక్కలు పట్టేశాయి. ఉంచుకోవాలా, రిటర్న్ పెట్టేయాలా?

రాజోలు మాస్టారు

అందరికీ నమస్కారమండి. అమలాపురంలో ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెబుతాను. వయసు 43. రోజుకి ఐదారు గంటలు నిలబడే ఉంటాను. రెండేళ్ళుగా కుడికాలి చిటికెన వేలి మీద ఆనెకాయ. కోయించాను, పట్టీలు వేశాను, మూడు నెలలు తిరక్కుండా మళ్ళీ వచ్చేది.

మొన్న ఊరికే షూ లోపలి ఇన్‌సోల్ బయటికి లాగి, నేల మీద పెట్టి, దాని మీద నిలబడ్డాను. చిటికెన వేలు సగం బయటే ఉంది! రెండేళ్ళు వేలికి వైద్యం చేయించాను గానీ, షూ వెడల్పు ఎంతో ఒక్కసారీ చూడలేదు. కొలతల పాఠం చెప్పేవాణ్ణి, సిగ్గేసింది.

బేర్‌ఫుట్ షూస్ ఆన్‌లైన్లో తెప్పించాను. ముందు భాగం చేటంత వెడల్పు, మడమ కింద ఎత్తు లేదు, సోల్ ఎంత పలచనంటే చుట్ట చుట్టి జేబులో పెట్టుకోవచ్చు. మా ఆవిడ "బాతు కాళ్ళలా ఉన్నాయండీ" అంది. వేళ్ళకి మాత్రం ప్రాణం లేచొచ్చింది.

ఆ హుషారులో మొదటి రోజే కాలవ గట్టున నాలుగు కిలోమీటర్లు నడిచాను. రెండో రోజూ అంతే. మూడో రోజు మంచం దిగబోతే పిక్కలు తాడేసి కట్టినట్టున్నాయి. మేడమెట్లు వెనక్కి తిరిగి దిగాను.

నాకర్థం కానిది ఇదండి. పదో తరగతి దాకా చేలగట్ల మీద చెప్పుల్లేకుండా బడికెళ్ళినవాణ్ణి. ఆ కాళ్ళే కదా ఇవి? రిటర్న్ గడువు ఇంకా నాలుగు రోజులుంది.

భీమవరం ఫిజియో

మాస్టారూ, ఆ కాళ్ళు ఇవి కావండి. మామూలు రన్నింగ్ షూలో మడమ, ముందు భాగం కంటే 10 మిల్లీమీటర్ల దాకా ఎత్తుంటుంది. పాతికేళ్ళుగా మీ పిక్క కండ ఆ ఎత్తుకే అలవాటుపడింది. ఒక్కసారిగా కిందికి దించి నాలుగు కిలోమీటర్లు సాగదీస్తే ఊరుకుంటుందా? 2013లో అమెరికాలో బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీ వాళ్ళు, పరుగెత్తేవాళ్ళని పది వారాల్లో మెల్లగా ఐదు వేళ్ళ షూలకి (వేలికో అర ఉండే బేర్‌ఫుట్ షూలే) మార్చి ఎంఆర్‌ఐ తీశారు. మెల్లగా మారినా చాలామందికి పాదం ఎముకల్లో నీరు చేరింది. మీరు రెండు రోజుల్లో మారారు.

నొప్పి తగ్గేదాకా అవి పక్కన పెట్టండి. తర్వాత ఇంట్లోనే పావుగంట. వారానికి ఐదేసి నిమిషాలు పెంచితే చాలు. కాలేజీకి వద్దు. మెట్టు అంచున మునివేళ్ళ మీద నిలబడి మడమలు మెల్లగా కిందికి దించడం రోజూ రెండు విడతలు, పదిహేనేసి సార్లు. పాదం పైన ఏదైనా ఎముక మీద వేలితో నొక్కితే ఒకే చోట సలుపుతుంటే మాత్రం నడక ఆపి డాక్టరుకి చూపించండి.

అంబాజీపేట కొబ్బరి

నేను ఏటా అయ్యప్ప మాల వేస్తానండి, 41 రోజులు చెప్పుల్లేకుండా. మొదటి వారం నరకమే. మడమ సిమెంటు రోడ్డు మీద పడితే దెబ్బ నడుం దాకా వస్తుంది. పదో రోజుకల్లా అడుగు దానంతటదే చిన్నదవుతుంది, కాలు మెత్తగా పడుతుంది. ఎవరూ నేర్పరు, నొప్పే నేర్పుతుంది. మాల తీశాక చెప్పులేసుకుంటే రెండ్రోజుల్లో మళ్ళీ టపటపలాడించుకుంటూ నడుస్తాను. అదీ విచిత్రం.

ఇంకోటి, మీరు బడికెళ్ళింది మట్టి మీద. ఇప్పుడు మన ఊళ్ళో మట్టేదండీ?

చెరువు గట్టు

ఆయ్, వానాకాలం వీటితో గట్టెక్కకండి. నాకూ ఓ జత ఉంది. బంకమన్ను అంటుకుంటే సోల్ సబ్బుబిళ్ళే. రొయ్యల మేత బస్తా భుజాన ఉండగా రెండుసార్లు కూలబడ్డాను. ఉత్త కాలయితే వేళ్ళు మట్టిలోకి దిగి పట్టు దొరుకుతుంది, వీటికి ఆ పట్టు లేదు. తుమ్మముల్లు కూడా సూటిగా దిగుతుంది.

షుగర్ ఉందేమో చూసుకోండి. మా నాన్నకి పాదాల్లో స్పర్శ తగ్గింది, ముల్లు దిగిన సంగతి రక్తం మరక చూశాకే తెలిసింది. అలాంటివాళ్ళకి ఈ షూ వద్దే వద్దు.

రాజోలు మాస్టారు

ఆలస్యంగా రాస్తున్నాను, క్షమించండి. రిటర్న్ పెట్టలేదు. షుగర్ చూపించుకున్నాను, లేదు. ఇప్పుడు మూడో వారం. సాయంత్రం పాతిక నిమిషాలు, అదీ పెరట్లో కొబ్బరిచెట్ల కింద మట్టి మీద. పిక్కలు బాగున్నాయి. కాలేజీకి ముందు భాగం వెడల్పున్న మామూలు షూ కొన్నాను. సాయంత్రం పాదం కాస్త ఉబ్బి ఉన్నప్పుడు కాగితం మీద గీసి, ఆ కాగితం కొట్టుకి పట్టుకెళ్ళాను. కుర్రాడు నవ్వాడు గానీ సైజు సరిగ్గా ఇచ్చాడు. ఆనెకాయ మెత్తబడింది.

మాల గురించి చెప్పినాయన మాట మీద కాస్త చదివాను. హార్వర్డ్‌లో లీబర్‌మన్ బృందం 2010లో నేచర్ పత్రికలో ఇదే కొలిచి చూపించింది: చెప్పుల్లేకుండా పరుగెత్తే అలవాటున్నవాళ్ళు ఎక్కువగా పాదం ముందు భాగం మీద దిగుతారు, మడమ మీద దిగేవాళ్ళకంటే నేల కొట్టే దెబ్బ తక్కువ. అయితే అది పరుగు సంగతి. నడకలో ఎవరికైనా ముందు ఆనేది మడమే, అందుకే సిమెంటు మీద నాకింకా ధైర్యం చాలట్లేదు. బడికెళ్ళిన గట్టు చూద్దామని ఆదివారం ఊరెళ్ళాను. మా బడి మలుపు దాకా సిమెంటు పోసేశారు.

ఒక చిన్న డౌట్. నిన్న వానకి తడిశాయి, లోపల ముక్క వాసన. ఎండలో పెడితే సోల్ ఊడిపోతుందా, ఫ్యాను కిందే ఆరబెట్టాలా?