సమస్య: గాలి లేక తిరిగె గాలిమరయె

బరంపురం నుంచి ఈ వారం సమస్య నాది. ఆటవెలది పద్యం నాలుగో పాదం పైన ఇచ్చాను; దానికి అర్థం కుదిరేలా ముందు మూడు పాదాలు రాయడమే పూరణ.

2019లో మా అబ్బాయి పారిస్‌లో మూలా రూజ్‌కి తీసుకెళ్లాడు. 1889లో తెరిచిన క్యాబరే, అంటే పాటలు, నాట్యాల ప్రదర్శనశాల. పేరుకు అర్థమే ఎర్ర గాలిమర. ఆట జరుగుతుంటే ఫొటోలు తీయనివ్వరు. ఈకల కిరీటాలు, క్యాన్‌క్యాన్ నాట్యం, గ్లాసులో షాంపేన్ బుడగలు, అన్నీ కళ్లతోనే మోసుకురావాలి. నేను మాత్రం బయటికొచ్చాక కప్పు మీది మరను చూస్తూ ఆగిపోయాను. రోడ్డు పక్క చెట్టాకు కదలడం లేదు, అది తిరుగుతోంది! నా పూరణ:

పారిసందు రేయి భానుని మరపించె
మేడ మీద నెర్ర మిల్లు నిలిచె
గింజ విసర లేదు కీలు మోటారుతో
గాలి లేక తిరిగె గాలిమరయె

పర్లాకిమిడి మాస్టారు: యతులు (పాదం మొదటి అక్షరానికి మధ్యలో జతకుదిరే అక్షరాలు) కుదిరాయి. "కీలు" మాత్రం యతి కోసం ఈడ్చుకొచ్చిన మాట. "కేవలం మోటారె" అనండి, గణాలు (గురులఘువుల లెక్క) చెడవు.

బరంపురం: సరే మాస్టారూ. ఆ కీలు నాకూ కిర్రుమంటూనే ఉంది.

రాయగడ అక్క: నేను పారిస్ చూడలేదు. రెండేళ్లకోసారి మీ ఊళ్లో జరిగే ఠాకురాణి యాత్ర, అమ్మవారి జాతర చూశాను.

యాత్రలోన పాప యాగక పరుగెత్తె
కాడ పట్టి చేత గట్టిగాను
వేసవుక్కపోత, వీధంత నవ్వంగ
గాలి లేక తిరిగె గాలిమరయె

మాస్టారు: బొమ్మ గాలిమరకు పిల్ల పరుగే గాలి! సమస్య ఇలా విడిపోవాలి. "గాను"లో "ను" పాదం నింపడానికే వచ్చింది, పోనీండి. క్యాబరే అంటే యాత్రకెళ్లారేమిటమ్మా?

అక్క: అక్కడ ఈకలు కట్టుకుని ఆడతారు, ఇక్కడ పులివేషగాళ్లు తోక కట్టుకుని ఆడతారు. టిక్కెట్టే తేడా మాస్టారూ!

ఛత్రపురం తమ్ముడు: 2024 ఏప్రిల్ 25 తెల్లవారుజామున ఆ మూలా రూజ్ మర రెక్కలు కూలిపోయాయి, బోర్డులో మొదటి మూడు అక్షరాలతో సహా. జులై 5కల్లా కొత్తవి పెట్టారు.

రెక్క లూడె నొక్క రేతిరి వేళలో
మూడు నక్షరాలు మొదటి వొరిగె
కొత్త రెక్క లమరె; కూర్చున్న మా కంట
గాలి లేక తిరిగె గాలిమరయె

మాస్టారు: మూడో పాదం నుంచి సమస్యలోకి దిగిన తీరు బాగుంది. రెండో పాదంలో ఆ "న" ఎక్కడిదయ్యా? "మూడు"కు ద్రుతం (మాట చివర చేరే నకారం) లేదు. "మొదటి మూడు లిపులు మోదె నేల" అని చూడు.

తమ్ముడు: బడిలో మాది ఒడియా మీడియం మాస్టారూ. తెలుగు అమ్మ దగ్గర నేర్చుకున్నదే, ద్రుతం దాకా రాలేదు.

మాస్టారు: ఆదివారం ఫోన్ చెయ్యి.