చలిచీమలా, చిరుచీమలా? ఫైనల్స్ రాతకి ఒక పద్యం ముక్క

(మాట్లాడేవాళ్ల పేర్లకు బదులు విశాఖ పేటల పేర్లున్నాయి.)

మద్దిలపాలెం: బలమైన పాము కూడా చీమలకి చిక్కి చస్తుందనే సుమతీ శతకం పద్యంలో ఒక పాదం సగమే నోట్లో ఆడుతోంది: ‘…చీమల చేత చిక్కి చావదె సుమతీ’. ముందున్నది చిరుచీమలా, చలిచీమలా? ఇక్కడి బాస్కెట్‌బాల్ కుర్రాళ్ల కోసం 2015 ఎన్‌బీఏ (అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్) ఫైనల్స్ మీద తెలుగులో ఒక పేజీ రాస్తున్నాం, దానికి శీర్షిక కావాలి. లెబ్రాన్ జేమ్స్ ఆటకి సగటున 35.8 పాయింట్లు కొట్టినా క్లీవ్‌లాండ్ 2-4తో ఓడిపోయింది. అవతల గోల్డెన్ స్టేట్ తరఫున ఫైనల్స్ ఎంవీపీ, అంటే అత్యుత్తమ ఆటగాడు, ఆ సీజనంతా బెంచి మీంచి వచ్చిన ఇగ్వోడాలా. పన్లో పని, ‘రోల్ ప్లేయర్’కి, అంటే స్టార్ కాకుండా పక్కన తన వంతు పని చేసేవాడికి, తెలుగు మాట కూడా చెబుదురూ.

సీతమ్మధార: చలిచీమలే. కందం కదా, నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం చూసుకోండి: బల, పలు, బల, చలి. ‘చిరు’ అంటే ప్రాస పోతుంది.

ఎంవీపీ కాలనీ: ప్రాసే కాదు మాస్టారూ, యతీ పోతుంది, పాదం మొదటి అక్షరానికి నడుమ అక్షరం కలవాలి కదా. ‘చావదె’లో చాకి ‘చి’ కుదరదు. హల్లు కలిసినా అచ్చు కలవదు.

గాజువాక: అయితే ప్రాస కోసం కవి ఇరికించిన మాటేనన్నమాట చలి. చీమకి చలేమిటండీ?

ఎంవీపీ కాలనీ: ఇరికించడమేమిటి! చలిచీమ అంటే ఆ చిన్న నల్లచీమే. ‘ల’ ఒక్కటీ చాలనుకుంటే పులిచీమ అన్నా గణాలు సరిపోతాయి, ప్రాసా సరిపోతుంది. యతి దగ్గర దొరికిపోతారు.

భీమిలి: నా లెక్క వేరు. చలి అంటే సంస్కృతం ‘చల’. కుదురుగా ఉండని చీమ, గబగబా తిరిగేది.

సీతమ్మధార: పైకి చదివి చూడండి తల్లీ. ఆ చ దంత్యం, పళ్ల దగ్గర పలికేది. ౘలి, ౘావు అంటాం. చలనంలో చ తాలవ్యం, అంగిలి దగ్గర పలికేది. పైగా సంస్కృతం ముక్కకి చీమని అతికిస్తే వైరిసమాసం, అంటే పొసగని అతుకు, అవుతుంది. నన్నడిగితే అది చలిదిచీమ. చలిది అన్నానికి పట్టేది. పోతన చల్దుల ఘట్టంలో గోపబాలురు విప్పిన చిక్కాల్లో ఆ చల్దే కదా ఉన్నది.

భీమిలి: పోతన దగ్గరికి వెళ్లకుండా మీకు ఏ చర్చా తెమలదు. ఆ ఘట్టంలో ఊరగాయలున్నాయి, మీగడపెరుగుంది, చీమ మాత్రం లేదు.

గాజువాక: చలి అంటే బెంచి అనుకోండి, అర్థం అతుకుతుంది. చల్లారి కూర్చున్నవాళ్లు! అరగంట కదలకుండా కూర్చుని లేచినవాడికి కాళ్లలో ఊపు ఉండదు. మొదటి షాట్ పొట్టిగా పోయి ముందు రిమ్ముకి కొట్టుకుంటుంది. అందుకే మంచి కోచ్ ఆరోవాణ్ని, అంటే బెంచి మీంచి మొదట దిగేవాణ్ని, దింపగానే త్రీ (గీత బయటి నుంచి మూడు పాయింట్ల షాట్) వేయించడు. ముందు బుట్టవైపు ఒక కట్ (దూసుకెళ్లడం), ఒక లేఅప్ (దగ్గర్నుంచి వేయడం), కుదిరితే రెండు ఫ్రీ త్రోలు. ఒళ్లు వేడెక్కాక కార్నర్‌లో నిలబెడతాడు. కార్నరే ఎందుకంటే ఎన్‌బీఏ కోర్టులో త్రీ గీత అక్కడ 22 అడుగులే, నడిమధ్య 23 అడుగుల 9 అంగుళాలు.

మద్దిలపాలెం: పేజీకి ఇదే కావాలి. చీమలు పామును నిజంగా ఎలా చంపుతాయో చెప్పండి.

గాజువాక: స్టార్ మీదికి ఇద్దరు వెళ్తే మిగిలిన నలుగుర్ని ముగ్గురే కాయాలి. బంతి రెండు పాస్‌లలో అవతలి మూలకి చేరితే అక్కడ ఒకడు ఖాళీగా ఉంటాడు. వాడు వరసగా రెండు కొడితే రెండోవాడు స్టార్‌ని వదిలి వెనక్కి పోక తప్పదు. వేయకపోతే మాత్రం స్టార్ ఒంటరే. 2011 ఫైనల్స్ ఆరో ఆట చూడండి: డాలస్ స్టార్ నొవిట్‌స్కీ మొదటి సగంలో 12 వేస్తే పడింది 1. బెంచి మీంచి వచ్చిన జేసన్ టెర్రీ ఆ రాత్రి 27 కొట్టాడు, మయామీ మీద కప్పు డాలస్‌కే పోయింది. 2010 ఫైనల్స్ ఏడో ఆటలో లేకర్స్ స్టార్ కోబీ 24 వేస్తే 6 పడ్డాయి, సహచరుడు ఆర్టెస్ట్ 20 కొట్టి ఆదుకున్నాడు.

ఎంవీపీ కాలనీ: మరి ప్రతిసారీ చీమలే గెలవవు కదా?

గాజువాక: గెలవవు. 36 శాతం షూటర్ ఆటకి 5 త్రీలు వేస్తాడనుకుందాం. మూడో అంతకన్నా ఎక్కువో పడేది నాలుగు ఆటల్లో ఒకసారి. అసలు ఒక్కటీ పడనిది సుమారు తొమ్మిదింటిలో ఒకసారి. ఏడాటల సిరీస్‌లో ఆ ఒక్క రాత్రి ఎటు పడిందన్నదే తేడా. ఒక్కణ్నే నమ్ముకుంటే జూదం, నలుగురుంటే ఎవడో ఒకడికి పడుతుంది. పద్యంలోనూ చీమలని బహువచనమే.

సీతమ్మధార: 2015లో మీ సర్పం, ఆ క్లీవ్‌లాండ్, ముందే దెబ్బతిన్నది. కెవిన్ లవ్ మొదటి రౌండ్‌లోనే పోయాడు, ఇర్వింగ్ ఫైనల్స్ మొదటి ఆటలో మోకాలు విరగ్గొట్టుకున్నాడు. చీమలకి ఘనత మొత్తం ఇవ్వకండి.

గాజువాక: ఒప్పుకుంటాను. అయినా గోల్డెన్ స్టేట్ 1-2తో వెనకబడ్డాకే కదా సెంటర్ ఆడే బోగట్‌ని కూర్చోబెట్టి ఇగ్వోడాలాని మొదటి అయిదుగురిలో దించారు? ఆ నాలుగో ఆట 103-82. తర్వాత రెండూ వాళ్లవే.

భీమిలి: రెండో పాదం ఎవరూ ముట్టుకోలేదే. ‘పలువురతో నిగ్రహించి పలుకుట మేలా’. నిగ్రహించి అంటే అణచి. పలువురితో అణచి పలకడమేమిటి? విగ్రహించి అని ఉండాలి. విగ్రహమంటే పోరు. వీరేశలింగం సంధి, విగ్రహము అని రాసింది దాన్నే. మన బీచ్ రోడ్డు పొడుగునా విగ్రహాలున్నాయి, ఈ అర్థం మాత్రం ఎవరికీ గుర్తుండదు.

ఎంవీపీ కాలనీ: ఛందస్సు తేల్చదు. యతి ‘పలుకుట’ దగ్గరుంది, ని పెట్టినా వి పెట్టినా గణం అదే. అచ్చయిన పుస్తకాల్లో కనిపించేది నిగ్రహించే.

మద్దిలపాలెం: రోల్ ప్లేయర్‌కి తెలుగు మాటో?

సీతమ్మధార: పక్కవాద్యం.

భీమిలి: వంత అనండి. బుర్రకథలో హాస్యం వంతా, రాజకీయం వంతా లేకపోతే కథకుడికి ఊపిరి తిరగదు.

గాజువాక: వంతపాడటమంటే తిట్టయిపోయింది తల్లీ. కుర్రాళ్లు చదివితే నవ్విపోతారు.

ఎంవీపీ కాలనీ: అది వదిలేయండి, ‘చిక్కి’ చూడండి. దొరికిపోయి అనే అందరూ చెబుతారు. చిక్కడమంటే బక్కపడటం కూడా. ఫైనల్స్‌లో లెబ్రాన్ 48 నిమిషాల ఆటలో 45 ఆడాడు, షూటింగ్ 40 శాతం లోపే. దొరికాడనడం కంటే చిక్కిపోయాడనడం నయం.

సీతమ్మధార: అప్పుడు ‘చీమల చేత’ ఎక్కడికి పోతుంది?

ఎంవీపీ కాలనీ: చావదె దగ్గరికి. చీమల చేత, చిక్కి, చావదె. కామా పెట్టి చదవండి.

సీతమ్మధార: కందంలో కామాలెక్కడివండీ!