వానలు మొదలైనప్పటి నుంచి మా అమ్మాయి జుట్టు ఊడిపోతోంది, ఏం చేయాలి?

మాది నెల్లూరు జిల్లా కావలి. మాకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకానే. ఈసారి వానలు మొదలయ్యాక మా అమ్మాయి జడ సగమైపోయింది. దువ్వెన నిండా వెంట్రుకలే, చూస్తే ప్రాణం ఉసూరుమంటోంది. రోజుకు 50 నుంచి 100 రాలడం మామూలేనని తెలుసు, ఇది అంతకు మించే ఉంది.

పొద్దున్నే తలకు పోసుకుని, తడి ఆరకుండానే జడ వేసుకుని కాలేజీ బస్సు ఎక్కుతుంది. సాయంత్రానికి మాడంతా దురద, చుండ్రు. పైగా మావి బోరు నీళ్లు, సబ్బు నురగ కూడా రాదు. ఆగస్టులో డెంగీ వచ్చి తగ్గింది. పెద్ద జ్వరం వచ్చిన రెండు మూడు నెలలకు జుట్టు రాలుతుందట, ఇది అదేనా, వానలవల్లా?

చుండ్రు ఉన్నప్పుడు కొబ్బరినూనె రాత్రంతా ఉంచవచ్చా? ఐరన్, థైరాయిడ్ పరీక్షలు ముందే చేయించాలా, చర్మ డాక్టరుకు చూపించాకా? మీ ఇంట్లో ఇలా జరిగి తగ్గినవాళ్లుంటే దయచేసి చెప్పండి.