తాతమ్మ ఫోటోకి ఏఐతో బొట్టు పెట్టించడం తప్పా కాదా?

అల్లిపురం అబ్బాయి:
మా తాతయ్య వాళ్ళమ్మ స్టూడియోలో దిగిన ఫోటో ఒకటుంది. ఆవిడ కుర్చీలో, ఒళ్ళో మా తాతయ్య, పక్కన ఇద్దరు ఆడపిల్లలు, వెనక తెర మీద రంగులతో వేసిన స్తంభం. తాతయ్య చెయ్యి ఊపినట్టున్నాడు, అక్కడ మసక. ఆవిడ నుదురు బోసి, చీర తెల్లగా ఉంది. మా తమ్ముడు దాన్ని ఏఐలో వేసి ఎర్ర చీర, ఇంత బొట్టు, చేతినిండా గాజులు పెట్టించి మధురవాడ కొత్తింట్లో హాల్లో తగిలించాడు. భర్త పోయిన మనిషండీ ఆవిడ. ఇది తప్పా కాదా?

సీతమ్మధార సుబ్బులు:
కలర్‌లో బాగుంటే చాలు కదా, గొడవెందుకు

పాతఫోటోల పిచ్చోడు:
ఆగండి, చీర తెల్లగా ఉందని భర్త లేడనేస్తే ఎలా? అప్పటి కెమెరాల్లో పెట్టే గాజు ప్లేట్లకి ఎరుపు ఆనదు, నీలం తెగ ఆనుతుంది, అందుకే ఎర్ర చీర నల్లగా, లేత నీలం చీర తెల్లగా పడేది. అద్దాల పైకప్పు కింద పగటి వెలుతుర్లో కొన్ని సెకన్లు కదలకుండా కూర్చోవాలి, మీ తాతయ్య చెయ్యి చెదిరింది అందుకే. ఇంతకీ ప్రింటు పసుపు తిరిగిందా? అయితే గుడ్డుసొన పూసిన ఆల్బుమెన్ కాగితం కావచ్చు. అంచుల్లో వెండిలా మెరిస్తే జెలటిన్ పూసిన కాగితం, అది తర్వాతది.

అల్లిపురం అబ్బాయి:
అంచులు మెరుస్తాయి. చీర వదిలేయండి, బొట్టు మాటేంటి? ఎరుపు నల్లగా పడేదైతే నుదుటి మీద నల్లచుక్క ఉండాలిగా. లేదు.

పాతఫోటోల పిచ్చోడు:
నెగటివ్ మీద పెన్సిల్‌తో దిద్ది మొహంలో మచ్చలు పోగొట్టేవాళ్ళు, ఆ ఊపులో బొట్టు కూడా పూడిపోయి ఉండొచ్చు.

అల్లిపురం అబ్బాయి:
బొట్టుకీ మచ్చకీ తేడా తెలీనోడు మన ఊళ్ళో ఫోటోలు తీశాడంటారా?

వన్‌టౌన్ వాసు:
భర్త పోయినావిడని ఆ రోజుల్లో స్టూడియోకి ఎవరు తీసుకెళ్తారేటి? మన మగోళ్ళు ఓడెక్కి రంగూన్ పనికి పోయేవోళ్ళు, పిల్లలెలా ఉన్నారో చూపించడానికి ఫోటో తీయించి పంపేవోళ్ళు. మా ఇంట్లోనూ ఉండేది, స్కాన్ చేయమని ఇస్తే షాపువాడు మా ముసలమ్మ ముక్కుపుడక చెరిపేసి ఇచ్చాడు, అడిగితే దుమ్మనుకున్నాడంట. అందుకే నేను ఈ కంప్యూటర్ పన్లకి వ్యతిరేకం.

అల్లిపురం అబ్బాయి:
రంగూన్ వెళ్ళిన మాట నిజమే, అక్కడే పోయాడు. కబురొచ్చాక పుట్టింటికి తీసుకెళ్తూ వాళ్ళన్న ఈ ఫోటో తీయించాడని తాతయ్యే చెప్పేవాడు. ఇంకేం రుజువు కావాలి?

పాతఫోటోల పిచ్చోడు:
తాతయ్య అప్పుడు ఒళ్ళో పిల్లాడు కదండీ, ఆయనకేం గుర్తుంటుంది

మధురవాడ చిన్నోడు:
అన్నయ్యా ఊరందర్లో పెట్టావా, సరే. గృహప్రవేశానికి మా అత్తగారు వాళ్ళొచ్చి గుమ్మానికి ఎదురుగా బోసి నుదురు ఏంటల్లుడూ అన్నారు. నేనేం చేయను? ఇన్నేళ్ళు మీ ఇంట్లో ఇనప్పెట్టెలో దుప్పట్ల కింద పడుంటే నీకు ఆవిడ మర్యాద గుర్తు రాలేదు. నేను హాల్లో పెట్టుకున్నా.

అల్లిపురం అబ్బాయి:
పెట్టెలో దాచింది అమ్మ, ఇంట్లో పెళ్ళిళ్ళున్నాయి కనపడకూడదని. నీదీ అదే జబ్బు, కాకపోతే రంగు పూశావ్. ఆ మొహంతోనే ముగ్గుర్ని పెంచింది రా ఆవిడ, అది నీకు అపశకునమైపోయిందా?

సీతమ్మధార సుబ్బులు:
ప్లేట్లు, పెన్సిళ్ళు అంటే నిజమేననుకున్నా, అత్తగారి గొడవన్నమాట

పాతఫోటోల పిచ్చోడు:
అత్తగారి సంగతి నాకనవసరం, బొట్టు లేదని మాత్రం ఇంకా తేలలేదు. అట్ట వెనక స్టూడియో ముద్ర ఉంటే పోస్ట్ చేయండి, ఏ ఊళ్ళో తీశారో తెలిస్తే రంగూన్ మాటా తేలుతుంది.

మధురవాడ చిన్నోడు:
ఆ అట్ట చెదపట్టిందని ఫ్రేమ్ కట్టేవాడు ఊడదీసి పారేశాడండీ

అల్లిపురం అబ్బాయి:
ఏంటీ??? ఫోన్ ఎత్తు ముందు